ముందు తిన్నవా

శనివారంలోగ తేల్చమన్నడు సేటు.
"రెండు చూపించి పోయిండ్రు గదా, ఒకటి చెప్పు అండాలూ" అని
బత్తాయి ఒలిచి, తొనలు నాకిచ్చి
గింజలు చేతిల పట్టుకొని పోయిండు.

నల్లగొండల, మిర్యాలగూడ రోడ్డు మీద మా షెడ్డు.
పనిచేసేది ఐదుగురం.
ఏ పని ఎట్లయితదో
ఎవరి తలకాయల వాళ్లకే ఉన్నది.

మొదటిది నెలకింత కిరాయి.
తెర మీద రంగురంగుల డబ్బాలు, డబ్బాకూ డబ్బాకూ నడుమ గీత.
ఫోన్ల ఆర్డరొస్తే కాంటాకు, కాంటా నుంచి చీటీకి,
లారీ కదిలితే రైతుకు మెసేజి.
ప్రతి అడుగుకూ లెక్కుంటదట,
వెయ్యి దాటితే మళ్ల పైసలు,
నడకకు పన్నేసినట్టు.

రెండోది ఉత్తదే.
మన కంప్యూటర్లనే పెట్టుకోవాలె, మనమే సాక్కోవాలె.
నేర్పిన పిలగాడు హైదరాబాదు పోతే
దాని భాష ఎవలకూ రాదు.

ఏది కొనాలన్నా ముందు పనిని గీయాలన్నరు.
పాత క్యాలెండరు తిప్పి, ఫిబ్రవరి వీపు మీద
పెన్సిలు పట్టుకొని కూర్చున్న.
కాంటా అయినంక ఏం చేస్తవ్ జాన్‌పాషా?
"చీటీ రాస్త."
రాసినంక?
"సువ్వకు గుచ్చుత."
గుచ్చినంక?
చాలాసేపు చూసిండు నన్ను.
"ఢిల్లీల రేటు పడ్డదనుకో,
రైతుకు అప్పుడే చెప్పను.
సద్ది తిననిస్త. తిన్నంక చెప్త."

దానికి డబ్బా ఉన్నదా అని వెతికిన.
ఉన్నది, 'వేచి ఉండు' అని.
ఎన్ని నిమిషాలు అని అడిగింది.
సద్ది ఎంతసేపని రాయాలె?

లింగస్వామి తన దాంట్ల తప్పులే ఉండవన్నడు.
పోయిన వానకాలం ఒకే లారీని రెండుసార్లు రాసిన సంగతి
ఇద్దరికీ యాదికే ఉన్నది.
నేను పెన్సిలు చెక్కుకున్న.

పొద్దుగూకేసరికి కాగితం నిండింది.
ఎటు నుంచి గీసినా గీత ఫర్జానా కాడికే వస్తున్నది.
ఆర్డరు ఆమె ఫోనుకే, డ్రైవరు అలిగితే ఆమెనే,
చిల్లర తక్కువైతే ఆమె పర్సుల నుంచే.
బెల్లం ముక్కకు చీమల లెక్క
ఆమె పేరు చుట్టూ గీతలు.
"కోదాడల మా అక్కింటికి పోక మూడేండ్లాయె" అన్నది
కాగితం చూసి, నవ్వుకుంటనే.
మేమెవ్వరం లెక్కపెట్టలే.

రెండింటినీ వారం నడిపి చూసినం.
ఉత్తది మంగళవారం రాత్రి ఆగింది.
చప్పుడు లేదు. పొద్దుగాల షట్టరు లేపితే
మూడు లారీల చీటీలు ఎటు పోయినయో ఏమో,
తెర మీద మాత్రం అన్నీ ఆకుపచ్చ గుర్తులే.

కిరాయిది కూడా ఆగింది, గురువారం.
రాత్రి రెండింటికి నా ఫోను మోగింది:
నాలుగో అడుగు కాడ ఆగిన,
లారీ నంబరు లేదు, చూడు.
కోపమొచ్చింది. నిద్ర పాడాయె.
చీకట్ల కూర్చొని యోచన చేసిన,
మా ఐదుగురిల
ఇట్ల చెప్పినోళ్లు ఎవరని.

శనివారం కిరాయిదే అన్న.
"పిరమైతది గదా" అన్నడు సేటు.
పిరమే.

సువ్వ తియ్యలే, జాన్‌పాషా ఇంకా గుచ్చుతనే ఉన్నడు.
రేటు చెప్పే డబ్బాకు ముందు ఒకటి ఖాళీగ పెట్టిన:
ఆయన వేలు నొక్కితేనే కదులుతది.
లింగస్వామికి ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు
పేరుపెట్టి మెసేజొస్తది. చదువుకొని, బయటికి పోయి చాయ్ తాగొస్తడు.

ఫర్జానా కోదాడ పోయింది.
మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ్నుంచి ఫోను:
"నడుస్తున్నదా అక్కా?"

అప్పటికే ఆగి ఉన్నదది, ఆరో అడుగు కాడ.
మెసేజి నా చేతిలనే వెలుగుతున్నది.

"ముందు తిన్నవా నువ్వు?" అన్న.