సార్ దగ్గర దిగాలి

మనామా బస్టాండులో బోర్డులు పట్టుకోవడానికి
నాకు మూడు నెలలు పట్టింది.
పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు,
రెంటి ముందూ నేను వేలిముద్రనే.
కూరలకొచ్చినప్పుడల్లా ఆ అక్షరాల వంకర మాత్రం
కళ్ళలో దాచుకున్నాను,
వరస జాడీల్లో మన మాగాయ ఏదో
మూతగుడ్డ ముడిని బట్టి పోల్చుకున్నట్టు.

నా పేరు సువార్త.
మామాకి, అంటే ఇంటావిడకి, నోరు తిరగదు.
సారా అంటుంది.
మా రాజోలు వైపు సారా అంటే
రాత్రిళ్ళు కాసేది, తెల్లారి తన్నులు తినిపించేది.
చెప్పలేదు. ఎలా చెప్పను?

ఈ దేశంలో సార్ అని ఒక ఊరుందనీ
నాలుగు వేల ఏళ్ళ నాటి ఇళ్ళు
కప్పుల్లేకుండా ఇంకా నిలబడున్నాయనీ
తోటపని సిరాజుద్దీన్ అన్నప్పుడు
ఎవరో నన్ను సగం పేరుతో పిలిచినట్టయింది.

నెలకొక్క శుక్రవారం నాది.
ఎప్పుడూ కారు నన్ను చర్చి దగ్గర దింపి
ప్రార్థన అవగానే మళ్ళీ ఎక్కించుకుంటుంది,
సంతకం పెట్టి తీసుకునే పార్సిలులా.
ఈసారి కారొద్దన్నాను.
మూడు నూర్ల ఫిల్సులు గుప్పిట్లో చెమటపట్టాయి.

"సార్?" అన్నాను బస్సెక్కి.
"చెప్పు చేచ్చీ" అన్నాడు మలయాళీ డ్రైవరు, మర్యాదకి మురిసి.
"నిన్ను కాదయ్యా, ఊరిని!"
ముందు సీట్లో నేపాలీ పిల్ల
నవ్వి నవ్వి ముసుగు జార్చుకుంది.

దిగాక అరగంట నడక.
ప్రహరీల మీంచి కాగితంపూలు,
ఏసీ పెట్టెల కింద బొట్టుబొట్టుగా తడి,
ఆ తడిలో పొట్ట ఆనించి పిల్లి.
దారి అడగడానికి మనిషి లేడు.
ఎండ ఒక్కటే ఎదురొచ్చింది.

తీరా చూస్తే, ఊరంటే ఊరే.
వీధి ఉంది. వీధికి మలుపుంది.
గోడలు నా నడుం దాకా.
రాతి గడప మధ్యలో అరిగింది, అరికాలంత.
రెండేసి గదులు, మూలకి పొయ్యి,
గుమ్మం పక్కన నీళ్ళ తొట్టి గుంట.
నేను ఇళ్ళని ఊడుపుతో కొలుస్తాను.
ఇవి ఇరవై నిమిషాల ఇళ్ళు.
మామాది మూడు గంటలది, మేడమెట్లు కాక.

అప్పుడు ఆ గది కోసం వెతికాను.
మెట్ల కిందో, బట్టల మిషను పక్కనో ఉంటుంది,
కిటికీ ఉండదు,
తలుపు లోపల గడియ ఉండదు.
ఇంటి తర్వాత ఇల్లు. పద్నాలుగు చూశాను.
పనిమనిషి గది లేదు.

కాసేపు ఆ గోడల్ని ప్రేమించాను.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని
ఖుబూస్‌లో మాగాయ పెట్టుకుని తింటుంటే తోచింది:
ఉండే ఉంటుంది.
ఇదిగో, ఈ బూడిద పక్కనే పడుకుని ఉంటుంది.
చీకట్నే లేచి
తన చాప చుట్టి, తన జాడ కూడా తనే ఊడ్చి
అవతల పారబోసి ఉంటుంది.
మంచి పనిమనిషి.

అటు చివర సమాధులు,
ఒకదాని భుజం మీద ఒకటి, తేనెపట్టులా.
కాళ్ళు ముడిచి పడుకోబెట్టేవారట.
నా మంచం పొడవు చూసినవాళ్ళెవరూ
దానికి ఆశ్చర్యపోరు.

తిరుగు బస్సు ఆలస్యమైంది.
స్టాపులో నిలబడి లెక్కేసుకున్నాను:
నలభై మూడేళ్ళలో
ఎవరూ పంపకుండా, ఎవరూ దింపకుండా
నేను వెళ్ళిన మొదటి ఊరు ఇది.
అందులో ఒక్క మనిషీ లేడు.
అయితేనేం, ఊరు ఊరే.

"చర్చిలో ఇంతసేపా సారా?" అంది మామా.
తల ఊపాను.

రాత్రి చెప్పులు విడిస్తే
గది మూల గుప్పెడు ఇసక.
చెయ్యి అలవాటుగా చీపురు మీదికి పోయింది.

ఉండనీ.
పొద్దున చూద్దాంలే.