తలా తోకా

ముందు ఒక మంట,
నడుముకు ఎడమ పక్క
ఎవరో బీడీ ఆర్పినట్టు.
మూడో నాటికి బొబ్బలు లేచినయి
వెన్ను కాడి నుంచి బొడ్డు దాకా,
ప్రేయర్‌కు నిలబడ్డ పిల్లల్లెక్క
ఒకే పక్క, ఒకే వరుస.

బడిల వంటచేసే ఓదెమ్మ
కొంగు జరిపి చూసింది.
"సర్పి, టీచరమ్మా.
తలా తోకా కలిసిందంటే మనిషి దక్కదు."
జాజు నూరుకొస్తనని లేచింది.
నేను ఆటో ఎక్కి ఎంజీఎంకు పోయిన.

డాక్టరు పిల్ల గోళీలు రాసుకుంట అడిగింది:
"చిన్నప్పుడు అమ్మ పోసిందా మీకు?"

పోసింది.
కాశిబుగ్గ బడి, మూడో తరగతి.
మొగిలి తన పలక ఉమ్మితోని తుడిచి నాకిచ్చెటోడు.
వానికి పోసిన రెండు వారాలకు నాకు.
ఇద్దరం యాపమండల కింద పండుకున్నం,
ఎవరింట్ల వాళ్ళం.

అది పోలేదట.
నలభై నాలుగేండ్లు నరం ముడిల
ఆఖరి బెంచీ పిల్లగాని తీర్గ నిద్రపోయిందట.
నాకు నౌకరొచ్చింది, మిల్లు మూతపడ్డది,
నాయన పోయిండు,
అది లేవలేదు.
ఇప్పుడు ఒంట్ల సత్తువ జారినంక
హాజరు పలికింది.

"మీ సర్పి సర్పిగ ఎవరికీ అంటదు.
బొబ్బల రసం తగిలితే మాత్రం
అమ్మ పోయని పిల్లలకు
అమ్మ పోస్తది."

ఒకటో తరగతి, ముందు వరుస,
రిత్విక. మొగిలి మనవరాలు.
ఎనుమాములకు పత్తి తోలే ఆటోల
తాతే దింపిపోతడు.
ఒక్క మచ్చ లేని మొఖం.
కూడికలు చూపెట్ట వచ్చినప్పుడల్లా
నా నడుముకు రెండు చేతులు చుడ్తది,
సరిగ్గా ఎడమ పక్కకే.

మొగిలీ,
నీ బాకీ ఇట్ల తీర్చను.

పొక్కులు చెక్కు కట్టేదాక సెలవు.
మీద గుడ్డ, తువ్వాల వేరు,
గీకకుండ గోళ్ళు కురచ.
ఫోన్ల హెడ్మాస్టరుకు చెప్పిన:
ఎవరికన్న పొక్కులు లేస్తే ఇంట్లనే ఉండమనండి,
హాజరు పోతదని దాచిపెట్టొద్దనండి.
నల్లా కాడ సబ్బు ముక్క
ఎప్పుడూ ఉండదు, అదీ చెప్పిన.

సాయంత్రం ఓదెమ్మ వచ్చింది
గిన్నెల నూరిన జాజుతోని.
వద్దంటే అలుగుతది. తీసుకున్న.
పద్దెనిమిది దినాలకు
మానిన మచ్చల మీద రైక వేసుకొని
తొలిపొద్దున బడికి పోయి
ఒకటో తరగతి గడపకు పూసిన.
రిత్విక దాటబోయి ఆగింది:
"పచ్చిగుంది టీచర్, తొక్కొచ్చా?"

ఆగు బిడ్డా.
ఆరనియ్యి.