పటంలో లేని సరస్సు

మంగళవారాలు ఉత్తర తీరం నాది.
ఒక్క బండి పట్టే రోడ్డు, ఎదురొచ్చే గొర్రెలకే ముందు దారి.
వెనక అరల్లో రెండు వేల పుస్తకాలు
మలుపు మలుపుకీ ఒకదాని భుజాన ఒకటి వాలుతుంటాయి.
డ్రైవరూ నేనే, లైబ్రేరియనూ నేనే,
హీటరు పాడైతే తిట్లు తినేదీ నేనే.

కింది అరలో ఆ ఐదు సంపుటాలు ఉంటాయి.
ఉంటాయనడం అబద్ధం.
పదిహేడేళ్లలో ఐదూ ఒక్కచోట చూసింది రెండేసార్లు:
తుఫానుకి స్కాట్లాండు పైకొస మొత్తం మూతపడిన వారం,
మర్డో పోయిన వారం.

మొదటి సంపుటం తెరవగానే పటం.
పైన మంచు గోడలు, కింద ఉప్పు ఎడారి,
ఏడు వాకిళ్ల కోట,
అడవికీ కొండలకీ నడుమ
గోధుమరంగు సరస్సు.

ఆ సరస్సు రాసినవాళ్లు గీసింది కాదు.
ఏ చలికాలపు టీ కప్పు అడుగో
గుండ్రంగా దిగి, ఎండి, ఒడ్డు కట్టుకుంది.
పక్కన ఎవరో పెన్సిలుతో పేరు పెట్టారు: ఆలస్యపు నీరు.
ఆ తర్వాత ఎవరో చిన్న పడవ గీశారు.
ఇంకో చెయ్యి ఆ పడవలో కుక్కను కూర్చోబెట్టింది.

రూలు ప్రకారం రబ్బరుతో చెరపాల్సింది నేనే.
పడవ ముక్కు అరిగిపోతే
ఒక సాయంత్రం నేనే దిద్దాను.

ఇస్బెల్ గన్‌కి ఎనభై ఒకటి.
ఫెర్రీ రేవులో టికెట్లు చింపిన చేతులు.
తొమ్మిదోసారి రెండో సంపుటం అడిగింది.
"డ్రాగన్లంటే నాకు విసుగు.
వాళ్లు నడుస్తారు చూడు,
ఎనభై పేజీలు, వానలో, సరైన రొట్టె కూడా లేకుండా.
దానికోసం చదువుతా.
ఈ మోకాళ్లతో నేనింక అంత దూరం పోలేనుగా."

మర్డో పీతల బుట్టలు వేసేవాడు.
ఎప్పుడూ మూడో సంపుటమే.
తర్వాతేమైందో అక్కర్లేదా అని అడిగా ఒకసారి.
"తెలుసు. రెండొందల పదకొండో పేజీలో
గుర్రాలవాడు చచ్చిపోతాడు.
పదో పేజీ దాకా చదివి నీకిచ్చేస్తా.
నా దగ్గరున్నన్నాళ్లూ వాడు బతికే ఉంటాడు."
గడువు దాటినందుకు జరిమానా కట్టేవాడు
మందు కొన్నంత శ్రద్ధగా.

మొన్న ఫిబ్రవరిలో అతని చెల్లెలు ఎఫీ
రొట్టెల సంచిలో పెట్టి తెచ్చిచ్చింది.
పీట్ పొగ వాసన, ఉప్పు వాసన.
లోపల గుర్తుగా నీలం నైలాను తాడు ముక్క,
రెండొందల పన్నెండో పేజీలో.

నేను ఎఫీకి ఏమీ చెప్పలేదు.
ఏం చెప్పాలో తెలియలేదు కూడా.

కథ కంచికి చేరిందనుకున్న ప్రతిసారీ
మళ్లీ నా వ్యాను ఎక్కి కూర్చుంటుంది.
తేదీల చీటీ నిండితే దాని మీదే ఇంకో చీటీ అంటిస్తాను.
ఇప్పుడది అట్టకంటే మందం.
గోరుతో లేపితే అడుగున
నేను పుట్టకముందు పడిన ముద్రలు,
ఊదా సిరాలో, వంకరగా.

పోయిన నెల పెద్దాఫీసు కొత్త సెట్టు పంపింది.
వెన్ను మీద బంగారు అక్షరాలు,
తెల్లటి కాగితం, తప్పు లేని పటం.
పాతవి తిప్పి పంపమని ఒక ఉత్తరం.

ఊనా వచ్చింది. పన్నెండేళ్లు,
గాలిమరల కంపెనీ వాళ్ల అమ్మాయి,
బూట్ల నిండా బురద.
కొత్త పటం మీద వేలు పెట్టి
అడవి దాటించింది, కొండ అంచుకి తెచ్చింది,
అక్కడ ఆగిపోయింది.

"ఇందులో సరస్సు లేదు."

పాతదాంట్లో ఉన్నది టీ మరక అని చెప్పాను.
తెలుసు అంది. ఎప్పుడో తెలుసట.
"అయితే మాత్రం?
అంత దూరం వచ్చాక
గుర్రాలకి నీళ్లు ఎక్కడ పట్టిస్తారు?"

పాతది చంకలో పెట్టుకుని
వానలో పరిగెత్తింది.

నాలుగింటికే చీకటి.
సముద్రం పక్క గుంటలో వ్యాను ఆపి
ఫ్లాస్కు మూత తిప్పాను.
అద్దం మీద చినుకుల చప్పుడు,
వెనక అరల్లో ఏదో పుస్తకం ఆలస్యంగా వాలిన చప్పుడు.
ఒళ్లో కొత్త సంపుటం
పటం దగ్గర తెరిచే ఉంది.

కప్పు వేడిగా ఉంది, అడుగు తడిగా.
ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు.