తొంగో

మేడం సెప్పినారు: అయిదు రోజులే గవరమ్మా,
పిల్ల అలవాటు పడేదాకా.
పగలు గదిలో ఉండు, రాత్రి వరండాలో.
ఏడురోడ్ల కూడలి ఎనక సందులో లాడ్జీ, రెండో మేడ.
ఏసీ గది. నేలమీద నాను కూకున్నాను.
మంచం మీద దేసంకాని దేసపు ఆలుమగలు,
మద్దిన సామంతి.

మూడేల్ల గుంట.
ఉయ్యాల్లో ఒగ్గీసి ఎల్లినప్పుడు దానికి బొడ్డు ఊడనేదు,
పేరు నేదు.
ఆ పొద్దు నా జడలో ఉన్న పువ్వు పేరు ఎట్టీసినాం.

ఆయమ్మ పేరు ఇల్సె.
నాకు నోరు తిరగదు. ఇల్లుసెయ్ అన్నట్టు ఇనపడతాది.
సేతులనిండా గోదుమరంగు సుక్కలు.
సామంతి తడిగుడ్డ తెచ్చి ఒక్కో సుక్కా తుడిసినాది.
పోనేదు.
"ఆయా, ఈయమ్మకి మట్టంటీసింది."
నాను నవ్వితే ఆయమ్మా నవ్వినాది, ఎందుకో తెలవకే.
మొగుడు కూడా సెయ్యి సాపినాడు,
నాదీ తుడు అన్నట్టు.

ఆ పొద్దే తానం.
గోడలోంచి వాన పడితే
గుంట లగెత్తుకొచ్చి గుమ్మం కాడ నక్కీసినాది.
నాను సెప్పొచ్చు. సెప్పనేదు.
ఏటి సేస్తాదో సూద్దామని ఊరుకున్నాను.
అనకూడదు గాని, నా మనసులో ఏ మూలో
ఆయమ్మ ఓడిపోతే బాగున్నని ఉండీది.
ఆయమ్మ కిందకెల్లినాది.
సైగలు సేసి సేసి, లాడ్జీ కుర్రోడి సేత
బకెట్టూ సెంబూ మోయించుకొచ్చినాది.
ముందు తన కాలిమీద పోసుకున్నాది.
ఆ ఎనక పిల్ల కాలిమీద.

రెండో రోజు, తలగడ కింద
ఉడికిన గుడ్డు, సగం కొరికిన అరిటిపండు,
ఇడ్లీ ముక్క, బారుగా సీమలు.
మా కాడ రోజూ ఇదే బాగోతం.
తిడతాం, ఇసిరీస్తాం. నలబై మంది గుంటలు,
సీమలకి అడ్డం ఎవులు కూకుంతారు?
ఆయమ్మ సీమలు దులిపినాది.
పాత గుడ్డు తీసి ఆ సోటే కొత్త గుడ్డు ఎట్టినాది.
తలగడ కప్పి, పైనుంచి తట్టినాది,
గుడ్డు కూడా తొంగోవాలన్నట్టు.
నాను గోడేపు తిరిగినాను.

ఓ సిన్న పుస్తకం ఉంది ఆయమ్మకి.
నా నోటి మాట తన రాతలో రాసుకుంతాది.
కూడు. నీల్లు. ఉచ్చ. నొప్పి. ఇక్కడే ఉన్నాను.
తొంగో అన్నకాడ రెండు గీతలు గీసినాది.
కాయితాల పని మీద వొచ్చిన సారు సూసి నవ్వినాడు.
"ఇదేం తెలుగు ఆయా? పడుకో అని నేర్పాలి కదా."
పడుకో అంటే ఈ గుంటకేటి తెలుసు సారూ?
మూడేల్లు దీని సెవిలో పోసింది నాను.

నాలుగో రాత్రి కరెంటు పోనాది. జనరేటరు అందుకోనేదు.
లోపల గుంట కేక: ఆయా, ఆయా!
సాప మీంచి నెగిసినాను. తలుపు మీద సెయ్యేసినాను.
సీకట్లో, రాల్లు నమిలినట్టు,
"తోంగ్గో... తోంగ్గో తల్లె... ఇక్కడె ఉన్నానూ..."
ఎక్కిల్ల మద్దిన గుంట:
"తోంగ్గో కాదు. తొంగో."
"తోంగో."
"తొంగో!"
ఎన్నిసార్లో.
ఆ మాట ఇద్దరి మద్దినా అరిగరిగి
నున్నగయిపోనాది నాగావలి రాయినాగ.
ఆయా అన్న పిలుపు మల్ల రానేదు.
తలుపు మీద సెయ్యి అలాగే ఉండిపోనాది.
దాన్ని ఎక్కడ ఎట్టుకోవాలో తెలవనేదు.

కారు ఇశాపట్నం ఎల్లిపోనాది.
సెయ్యూపినాదా అని అడుగుతారు అందరూ.
నేదు. బిస్కట్టు తింతంది.
ఆ దేసంలో మంచు పడతాదట.
అక్కడ రాత్రేల ఓ తెల్లమ్మ నోట సిక్కోలు మాట,
ఇద్దరికే అర్దమయ్యీది.
రెండేల్లలో గుంట మర్సిపోద్ది.
ఆయమ్మ మర్సిపోదు, రాసుకున్నాది గదా.

నాకు రాత్రి డూటీ.
ఉయ్యాల్లో కొత్తది ఒకర్తి, తొమ్మిది రోజులది.
పేరేటి ఎడదాం గవరమ్మా అంతన్నారు.
జడ తడుముకున్నాను.
ఈ పొద్దు పువ్వు ఎట్టుకోనేదు.