తౌడు బండి

సెమిలిగుడలో ఆరింటికి నూరు.
టీ గ్లాసు కింద పెట్టేలోపే తొంభై తొమ్మిది.
కంపెనీవోడు నూటపది కిలోమీటర్లన్నాడు.
ఆడి రోడ్డు కాయితం మీదుంది,
నా రోడ్డు కొండమీదుంది.

కుట్టుమిషన్లు బాగుచేస్తాను నేను.
నందపూర్ నుంచి సుంకి దాకా
ఎవరి షటిల్ ఎక్కడ పట్టీసిందో
చప్పుడు విని చెప్పీగలను.
ఈ బండికి చప్పుడే లేదు.
దీని గుణం తెలీడానికి ఆరు నెలలు పట్టింది.

మంచు దినాల్లో బేటరీకి ఒణుకు.
రాత్రి ఇంట్లోకి తెచ్చి దుప్పటి కప్పితే
మా సన్నాసమ్మ నవ్వింది,
"నీ కడుపున పుట్టిందేటి?"
నవ్వితే నవ్వనీ, దుప్పటి తియ్యలేదు.
పొద్దున్న నాలుగు కిలోమీటర్లు ఎక్కువొచ్చాయి.

పెద్ద పెట్టె ఇంట్లో ఒగ్గీసాను.
నూనె డబ్బా, సూదులు, రెండు బాబిన్లు, ఒక్క స్క్రూడ్రైవరు.
చొక్కా గాలికి ఉబ్బకుండా మెడదాకా గుండీలు పెట్టి,
టైర్లు బొటనవేలితో నొక్కి చూసి,
ముప్పై. ముప్పై దాటను.
లారీలు హారన్ కొట్టి తిట్టుకుంటా పోతాయి.
పోనీ. ఆళ్ళకి డీజిలుంది.

పొట్టంగి దాటాక దిగుడు.
మలుపు కనపడకముందే చెయ్యి వదిలీస్తాను.
అప్పుడు కొండ కొంచెం కరెంటు తిరిగిచ్చేస్తాది,
యాభై రెండు, యాభై మూడవుద్ది.
నా బతుకులో అడక్కుండా
చిల్లర వెనక్కిచ్చింది ఇదొక్కతే.

సుంకిలో మూడు మిషన్లు. డబ్బులిచ్చింది ఒకళ్ళే.
ఇంక ఎక్కుడు.

ఎక్కుడు గురించి చెప్పడానికేటుంది.
నలభై. ముప్పై ఒకటి. ఇరవై నాలుగు.
అంకెలు చూడొద్దని దేవమాలి మీద చూపు పెట్టాను.
అది దగ్గరకీ రాదు, దూరమూ పోదు.

పదకొండుతో పొట్టంగి చేరాను.
జమున ఖిల కొట్టులో ప్లగ్గు పట్టుకున్నాను.
"ముందు చల్లారనీ" అంది,
నేను చెప్పిన మాటే నాకు.
అరగంట ఆగి పెట్టాం.
పద్దెనిమిది దాకా ఎక్కింది.
కరెంటు పోయింది.

ఆమె మిషను ఆగలేదు.
కాలి మిషను, బడిపిల్లల నీలం చొక్కాలు,
గుమ్మంలో మిగిలిన వెలుతురు.
ఎన్నిసార్లు బాగుచేశానో దాన్ని,
కూర్చుని చూడ్డం ఇదే మొదలు:
రెండు తొక్కులు తొక్కి పాదం తేలిక చేస్తాది.
చక్రం తనంత తానే జానెడు కుట్టీస్తాది.
అది ఆగేముందు, ఆగాక కాదు, ఆగేముందు
మళ్ళీ ఒక చిన్న తొక్కు.

"ఈ రాత్రికి కరెంటు రాదు తౌడూ" అంది.
"నీ పేరంత తేలిగ్గా ఎళ్ళు."

నా ముందు పుట్టినోళ్ళు ముగ్గురు నిలవలేదు.
నన్ను మంత్రసాని చేతిలో పెట్టీసి
చేటెడు తౌడుకి మళ్ళీ కొనుక్కుంది మా అమ్మ.
విలువ లేని సరుకు మీద చావు కన్ను పడదని,
చాలా దూరం పోతాడని.
యాభై మూడేళ్ళు పోయాను ఆ చేటెడు తౌడుమీద.

బయల్దేరాను.
పెద్ద లైటు ఆపి చిన్నది ఏసుకొని,
రెండు తిప్పులు, ఒక వదులు.
రెండు తిప్పులు, ఒక వదులు.
అంకె కనపడకుండా గుడ్డ కట్టీసాను.

గుమ్మం దగ్గర గుడ్డ తీసి చూస్తే
రెండు.

సన్నాసమ్మ ఏటీ అడగలేదు.
దుప్పటి తెచ్చింది.