కుళాయి కార్డులు

ఒహాయోలో, ఎరీ సరస్సు ఒడ్డున
మా ఊరి నీటి శాఖ నేలమాళిగ.
తొమ్మిది వేల అట్టముక్కలు.
ఇంటికో కార్డు: ఏ సంవత్సరం, ఎంత లోతు, ఏ లోహం.
వందేళ్ళ కిందటి పెన్సిల్ గీతల్లో
సీసం ఒక్క అక్షరంగా ముడుచుకుని ఉంటుంది.
ఆ అక్షరాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం.

మొదటిరోజు నవ్వొచ్చింది.
ప్రభుత్వమంటే జెండా, ఉపన్యాసం, సైరను
అనుకునేదాన్ని.
ఇక్కడేమో బూజు వాసన, ఓ భూతద్దం,
పక్క కుర్చీలో డెల్ఫీన్ క్రాబ్‌ట్రీ,
రిటైరయ్యాక కూడా పిలిస్తే వచ్చిన పైపుల ఇన్‌స్పెక్టరు.
"అది ఏడు కాదు, ఒకటి.
వీడెప్పుడూ తొందరలోనే ఉండేవాడు" అంటుంది,
ఎప్పుడో పోయినవాణ్ణి
పక్కింటి కుర్రాణ్ణి విసుక్కున్నట్టు.

ఇంతకుముందూ ఓ పథకం ఉండేది.
సగం ఖర్చు మీది, సగం మాది.
డబ్బున్నవాళ్ళు సంతకం పెట్టారు.
అద్దెకున్నవాళ్ళు ఆ ఉత్తరం చూడనే లేదు;
అది యజమానికి వెళ్ళింది, యజమాని ఫ్లోరిడాలో ఉన్నాడు.
ఒకే వీధిలో
ఒక గ్లాసులో నీళ్ళు,
ఎదురింటి గ్లాసులో నీళ్ళలాంటివి.

తర్వాత ఏడు ఫారాలు ఒకటయ్యాయి.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
ఆ ఒక్కదాని కోసం మూడు శాఖలు పద్నాలుగు నెలలు
ఒకే బల్ల చుట్టూ పోట్లాడుకున్నాయి.
మినిట్స్ నేనే రాశాను.
చివరికి ఓ బుధవారం తేలింది:
ఇల్లు కాదు, వీధి.
తవ్వితే ఈ చివర నుంచి ఆ చివర దాకా.
సొంతిల్లో అద్దిల్లో మట్టికి తెలీదు.

పొరపాట్లు లేవని కాదు.
ఒక కార్డు నేను తప్పు చదివాను.
రాగి పైపున్న ఇంటి ముందు
నలుగురు మనుషులు అరపూట గొయ్యి తీశారు.
మిస్టర్ ఓక్లీ గులాబీ మొక్క పోయింది.
పోయిన మొక్క వెల కట్టడానికి
మా దగ్గర ఫారం లేదు.
డెల్ఫీన్ తన పర్సు తీసింది.

నిన్న హాథార్న్ వీధిలో
చివరి గొయ్యి పూడ్చారు.
రాత్రి షిఫ్టు దుస్తుల్లోనే ఒకావిడ
ఖాళీ నీళ్ళ సీసాలు బయట పెడుతోంది.
నెలకి ఎనభై డాలర్లట, ఇన్నేళ్ళుగా.
"ఇప్పుడా డబ్బేం చేస్తారు?"
"పళ్ళ డాక్టరు," అంది, ఆలోచించకుండానే.

సంపద అనే పెద్దమాటకి
దగ్గర్నుంచి నేను విన్న అర్థం అదొక్కటే.

ఆఫీసుకొచ్చి ఆవిడ ఇంటి కార్డు తీశాను.
పాత అక్షరం కొట్టేసి
రాగి అని రాసి, తారీఖు వేశాను.
నిదానంగా రాశాను, గుండ్రంగా.
ఇంకో వందేళ్ళకి ఎవరో
దీన్ని చదవాలి కదా.