ఇతరములు

సొసైటి గోదాం ముంగట
చెప్పులు లైన్ల నిలవడ్డయి.
తెల్లారగట్ల నాలుగింటికే
నేనూ ఒక జత పెట్టిన,
ఎడమ చెప్పుకు బందు తెగితే మేకు కొట్టింది.

పది దాటినంక కిటికీ తెరిచిండు రాసేటాయన.
"ఏం పంట?"
"గడ్డి."
కలం ఆగింది.
ఎనక పత్తోళ్లు, మిర్చోళ్లు బీడీలు తీసి మరీ నవ్విండ్రు.
"గడ్డికి మందేందిరా ఓదెలూ!"
బుక్కుల గడ్డికి గడి లేదు.
చూసి చూసి, "ఇతరములు" అని రాసిండు.

యూరియా వద్దు, సూపర్ రెండు బస్తాలన్న.
దానికి లైనే లేదంట.
పొట్టేలు అమ్మిన పైసలు లెక్కవెట్టిచ్చి
చెప్పులు తొడుక్కున్న.

శాయంపేట దాటినంక గుట్టబోరు మీద మా బీడు.
ఉత్త మొరం.
గడ్డపార ఏస్తే నిప్పు లేస్తది,
వాన వడ్డా గంట నిలువది.
పందిముల్లు గడ్డి మొలుస్తది గని
కార్తీకం రాంగనే ముండ్లై ఉన్నిల గుచ్చుకుంటది.
పుష్యంల ఈనిన గొర్రెకు పాలుండయి.
పిల్ల పొదుగును గుద్ది గుద్ది
తల్లి మొఖం జూస్తది.

మా అమ్మ ఆ నేలను ఒక్కనాడు తిట్టలే.
"కడుపు మాడినోడు పని జేస్తడా?" అనేది.
ఎరువంత పత్తిచేన్లకే పోయే రోజులల్ల
తట్టెడు పెంటికలు ఎత్తుకపోయి
బీట్లె చల్లొచ్చేది,
దొంగసొమ్ము దాసినట్టు.

రెండు వానలు వడ్డంక స్టైలో గింజలు తీసిన.
మొండి తోలు వాటిది,
ఉడుకు నీళ్లల్ల ముంచి బెదిరిస్తె గని లేవయి.
బీడు నడుమ కట్టెతోని గీత గీసిన.
సగానికి సూపర్ చల్లిన.
సగానికి పైసల్లేవు.

నలభై దినాలకు ఇటొకటి అటొకటి పీకి జూసిన.
ఇటు మొక్క వేళ్లకు జొన్నగింజంత బుడిపెలు.
గోరుతోని గిల్లితే లోపల ఎర్రగ,
అప్పుడే పుట్టిన పిల్ల చిగుళ్ల లెక్క.
అటు మొక్కకూ ఉన్నయి,
ఆవగింజలంత,
గిల్లితే తెల్లగ పాలిపోయి.

గోదాం కాడ చెప్పులు ఇంక లైన్లనే ఉన్నయి.
నా బీట్లె వేళ్లు మాత్రం
మన్ను కింద కూసోని
గాలిని పట్టి యూరియా చేసుకుంటున్నయి,
టోకెన్ లేదు, పాస్‌బుక్ లేదు.

గొర్లు మాత్రం ఆ ఏడు దాన్ని
వాసన జూసి పక్కకు వొయినయి.
పచ్చ గడ్డి ఉన్నన్ని దినాలు
దాని దిక్కు సూడలే.
ఊరు రెండోసారి నవ్వింది, నాకూ గుబులైంది.
పుష్యంల ముండ్లు తప్ప ఏం మిగలనప్పుడు
ముసలి గొర్రె ఒకటి తల వంచింది.
దాని ఎనక మంద.
ఆ రాత్రి పిల్లలు అరవలే.
నాకే నిద్ర పట్టలే, అలవాటు లేక.

మూడేండ్లాయె.
గీత ఎక్కడ గీసిన్నో ఇప్పుడు దొరుకుతలేదు.
మేసిన గింజలను పెంటికలల్ల
అటు దిక్కు మోసినయి గొర్లు.
మొలిచినయి గని పలచన, పసుపు రంగు.
అటు పోయినప్పుడల్ల అడుగు జర మెల్లగ ఏస్త.
ఆ సగానికి
నేనింక ఒక బస్తా బాకీ.